సర్కారు సుంకము – బజారు స్వేచ్ఛ
(దివాను మొదటి సాలార్‌జంగ్ జీవితం)

ఓరుగల్లును ఏలిన కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244వ సంవత్సరంలో మోటుపల్లి రేవులో ఒక అభయశాసనం వేయించినాడు. తుపానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొని వచ్చిన ఓడలలోని సరుకును పూర్వపు రాజులు బలవంతంగా హరించేవారు. గణపతిదేవుడు ఆ దురాచారాన్ని మాన్పించి, నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసికొనబోమని దేశదేశాల వర్తకులకు మాట ఇచ్చినాడు. ప్రభువు తన చేతికి తానే హద్దు గీసికొని, ఆ హద్దును రాతిమీద చెక్కించి అందరికీ తెలియజేసినప్పుడే వర్తకం వృద్ధి పొందుతుందన్న సత్యాన్ని మన ఓరుగల్లు ప్రభువు ఆనాడే గ్రహించినాడు.

ఆ శాసనం వెలసిన ఆరు వందల సంవత్సరాల తరువాత ఇదే తెలంగాణ నేలపై ఆ సత్యం పూర్తిగా మరుగునపడినది. బండి కదిలితే సుంకం, ఊరు దాటితే సుంకం, పంట పండితే గుత్తదారు చేతిలో దోపిడి. అటువంటి దుర్దశలో హైదరాబాదు రాజ్యపు పగ్గాలు చేపట్టి, ముప్పది సంవత్సరాలపాటు దానిని ఒక దారికి తెచ్చిన మహామంత్రి నవాబు మీర్ తురాబ్ అలీఖాన్, మొదటి సాలార్‌జంగ్. ఆయన పేరు వినగానే మన విద్యార్థి మిత్రులకు హైదరాబాదులోని ప్రదర్శనశాల జ్ఞాపకం వస్తుంది. ఆ కళాఖండాలను అధికంగా సేకరించినవాడు ఆయన మనుమడైన మూడవ సాలార్‌జంగ్. తాతగారు విడిచిపోయిన సంపద వేరు. అది అద్దాల బీరువాలలో కనిపించదు. జిల్లాలు, తాలూకాలు, కచేరీలు, న్యాయస్థానాల రూపంలో మన నిత్యజీవితంలో కలిసిపోయినది.

ఆయన 1829లో జన్మించినారు. ఆ వంశం నిజాముల కొలువులో మంత్రి పదవులు నిర్వహించిన వంశం. మీర్ ఆలం చెరువుకు తన పేరు నిలిపిన దివాను మీర్ ఆలం ఆ కుటుంబానికి సంబంధించినవాడే. తండ్రి చిన్నతనంలోనే మరణించుటచే బాలుడు పెద్దల సంరక్షణలో పెరిగి, అరబ్బీ, ఫారసీ విద్యలతో పాటు ఇంగ్లీషును కూడ అభ్యసించినాడు. యౌవనారంభంలోనే కొద్దికాలం ఖమ్మం ప్రాంతమందు తాలూక్‌దారుగా పనిచేసి, పల్లెలోని పటేలు, పట్వారీ, రైతు, సాహుకారుల పరస్పర సంబంధాలను కండ్లారా చూచినాడు. దర్బారులో కూర్చున్నవానికి పన్ను ఒక అంకె; పల్లెలో తిరిగినవానికి అది ఒక కుటుంబపు గింజ. ఈ భేదాన్ని ఎరిగిన దివానులు ఆనాడు అరుదు.

1853 మే నెలలో దివానుగా ఉన్న పినతండ్రి సిరాజుల్ముల్క్ మరణించగా, ఇరువది నాలుగేండ్ల సాలార్‌జంగ్‌ను నాసిరుద్దౌలా నిజాము ఆ పదవిలో నియమించినాడు. అంతకు కొద్ది దినాల ముందే ఒక సంధి జరిగి, హైదరాబాదు కంటింజెంటు సైన్యపు వ్యయానికై బీరారు, రాయచూరు అంతర్వేది, ధారాశివ ప్రాంతాలు కుంఫిణీవారి అధీనంలోకి పోయినవి. రాజ్యంలోని సారవంతమైన భూములు చేయిజారినవి. మిగిలిన తాలూకాలలో ఎన్నో అరబ్బు జమేదారులకు, రోహిల్లాలకు, సాహుకారులకు తాకట్టులో ఉన్నవి. సిపాయీలకు జీతాలు లేవు. జీతం లేని సిపాయి తన బాకీని పల్లెలలోనే రాబట్టుకొనేవాడు.

ఈ దుస్థితి ఒక్కనాటిది కాదు. రాజా చందూలాల్ కాలం నుండి సర్కారు అప్పుమీద అప్పు చేసినది. 1814లో స్థాపితమైన విలియం పామర్ కంపెనీ అనే వడ్డీ వ్యాపార సంస్థ, గవర్నర్ జనరల్ ప్రత్యేకానుమతిని అండగా చేసికొని, నిజాము సర్కారుకు అధిక వడ్డీపై అప్పులిచ్చినది. రెసిడెంటు మెట్కాఫ్ ఆ వ్యవహారాన్ని బయటపెట్టినాడు. దానిని తీర్చుటకై ఉత్తర సర్కారుల నిమిత్తం కుంఫిణీ ఏటేటా చెల్లించవలసిన పేష్కష్‌ను 1823లో నిజాము శాశ్వతంగా వదులుకొనవలసి వచ్చినది. ఆ కంపెనీ వర్తకుల పోటీలో నెగ్గి లాభపడలేదు. రాజ్యాధికారం నీడలో, పోటీ లేని చోట, తీర్చలేని ప్రభుత్వానికి అప్పు పెట్టి లాభపడినది. అర్థశాస్త్రం చదివే విద్యార్థులు ఈ తేడాను మొదటనే గమనించవలెను.

భూమిశిస్తు వసూలు చేసే విధానం మరీ ఘోరంగా ఉండెడిది. సర్కారు తన తాలూకాలను ఇజారాకు, అనగా గుత్తకు ఇచ్చేది. ఎవడు ఎక్కువ ముట్టజెప్పితే వానికి తాలూకా. ఆ గుత్తయినా స్థిరం కాదు. రెండవవాడు ఇంకొంత పెంచి నజరానా సమర్పిస్తే మొదటివాడు మధ్యలోనే దిగిపోవలసి వచ్చేది. రేపటిపై నమ్మకం లేని గుత్తదారు నేడే అంతా పిండుకొనేవాడు. చెరువు గట్టు తెగినా వానికి పట్టదు. బావి తవ్వించుకొన్న రైతుపై ఎక్కువ పన్ను వేయుటకు మాత్రం ముందుండేవాడు. రైతు బాగుపడుటయే నేరమైన చోట ఎవడు బాగుపడదలచును? భూములు బీడుపడినవి, రైతులు వలసపోయినారు.

పదవి చేపట్టిన వెంటనే సాలార్‌జంగ్ ఈ ముడిని విప్పనారంభించినారు. ఒకేసారి గొడ్డలి వేయుటకు ఆయన వద్ద సైన్యబలం గాని, ధనబలం గాని లేవు. తాకట్టులో ఉన్న తాలూకాలను లెక్కలు తేల్చి ఒక్కొక్కటిగా విడిపించినారు. వడ్డీని, సిపాయీల జీతాలను గడువు తప్పక చెల్లించే పద్ధతి పెట్టినారు. సర్కారు మాట తప్పదన్న నమ్మకం కలిగిన కొలది సాహుకారులు తక్కువ వడ్డీకే అప్పులిచ్చుటకు ముందుకు వచ్చినారు. వడ్డీ తగ్గుమని ఫర్మానా వేయనక్కరలేదు. ఋణగ్రస్తుడు నమ్మదగినవాడైతే వడ్డీ తానే దిగివస్తుంది.

తరువాత ఇజారా పద్ధతిని క్రమంగా రద్దుచేసి, తాలూక్‌దారులను నెలజీతంపై పనిచేసే సర్కారు ఉద్యోగులుగా మార్చినారు. పంటలో భాగం తీసికొనే బటాయి స్థానంలో నగదు శిస్తును ప్రవేశపెట్టినారు. 1875 ప్రాంతమున బొంబాయి పద్ధతిపై భూముల కొలత, బందోబస్తు ఆరంభమైనవి.

ఇక్కడ ఒక సందేహం కలుగవచ్చును. స్వేచ్ఛా విపణిని సమర్థించే ఆర్థికవేత్తలు సర్కారు పనులను ప్రైవేటు వ్యక్తులకు అప్పగించుమంటారు గదా, మరి ఇజారాను తీసివేసి సర్కారు ఉద్యోగులను నియమించుట స్వేచ్ఛకు విరుద్ధం కాదా? ఆలోచిస్తే కాదని తేలుతుంది. గుత్తదారు బజారులో సరుకు అమ్మే వర్తకుడు కాడు. వాని అంగడి నచ్చకపోతే రైతు మరొక అంగడికి పోలేడు. వాడు కొన్నది ప్రజలను పిండే అధికారాన్ని. స్వేచ్ఛా వాణిజ్య సిద్ధాంతానికి ఆద్యుడైన ఆడం స్మిత్ 1776లో ప్రచురించిన గ్రంథంలో పన్నుల గుత్తను తీవ్రంగా ఖండించినాడు. పన్ను ఎంతో, ఎప్పుడు చెల్లించవలెనో అందరికీ ముందుగా తెలిసి ఉండవలెనన్నాడు. అతనికి నాలుగు శతాబ్దాల పూర్వమే మహాపండితుడు ఇబ్న్ ఖల్దూన్ తన ముఖద్దిమాలో, పన్నులు తేలికగా ఉన్నప్పుడు ప్రజల ఉత్సాహం పెరిగి రాజు ఖజానా నిండుతుందనీ, భారం మితిమీరితే ఉత్సాహం చచ్చి రాబడియే తరిగిపోతుందనీ వివరించినాడు. సాలార్‌జంగ్ సంస్కరణలు ఈ రెండు భావాలకూ ఆచరణరూపాలు.

నేడు మనం పెద్ద బాటను రహదారి అంటున్నాము. పూర్వం ఆ మాటకు బాటపై వసూలు చేసే సుంకమనే అర్థం కూడ ఉండెడిది. జాగీరుదార్లు, జమీందార్లు తమ తమ హద్దులలో నాకాలు పెట్టి వర్తకుల బండ్లను ఆపేవారు. బ్రిటిషువారితో 1802లో కుదిరిన వాణిజ్య సంధి సుంకాన్ని నూటికి 5గా నిర్ణయించి, దారిసుంకాలు ఉండరాదన్నది గాని, కాగితంపై వ్రాసినది బాటమీద జరుగలేదు. 1851లో లండను మహాప్రదర్శనకు ఎక్కిన మన వరంగల్లు తివాచీలు, పల్లెలలో నేసిన బట్టలు, పండించిన ధాన్యం అన్నీ ఈ నాకాల బరువును మోయవలసినవే. నేతగానికి దక్కవలసిన కూలి దారిలోనే కరిగిపోయేది. సాలార్‌జంగ్ ఈ అంతర్గత సుంకాలను క్రమక్రమంగా తొలగించి, సుంకం వసూలును సరిహద్దుకు పరిమితం చేసి, కరోడ్‌గిరి శాఖ క్రిందికి తెచ్చినారు.

నాణెముల సంగతి కూడ ఇటువంటిదే. గద్వాల, నారాయణపేట వంటి చోట్ల వేర్వేరు ఠంకశాలలు ఉండేవి. ఒక ఊరి రూపాయి మరొక ఊరిలో బట్టా లేనిదే చెల్లేది కాదు. ఆ బట్టా లాభం సరాఫులది, నష్టం రైతుది. సాలార్‌జంగ్ చిల్లర ఠంకశాలలను మూయించి, హాలీ సిక్కాను రాజ్యమంతటా ప్రామాణికం చేసినారు. 1857 తరువాత ఆ నాణెంపై మొగలు చక్రవర్తి పేరు పోయి ఆసఫ్‌జాహీ పేరు వచ్చినది. తూకం, కొలత, నాణెం సరిగా ఉంచుట సర్కారు విధి. వాటితో ఏమి కొనవలెనో, ఏమి అమ్మవలెనో నిర్ణయించుకొనుట ప్రజల విధి.

1865లో జరిగిన జిల్లాబందీ ఆయన పాలనలో మేలిమి ఘట్టం. రాజ్యం జిల్లాలుగా, తాలూకాలుగా విభజింపబడినది. రెవిన్యూ, న్యాయ, పోలీసు, మరామతు శాఖలు వేరువేరుగా ఏర్పడినవి. పన్ను వసూలు చేసేవాడే తీర్పు చెప్పే పాత పద్ధతి సడలినది. తరువాతి కాలమందు వరంగల్లు ఒక సుబాకు కేంద్రమైనది. హనుమకొండలోని సుబేదారి ఆ జ్ఞాపకాన్ని నేటికీ తన పేరులో నిలుపుకొన్నది. 1850ల మధ్యకాలంలో ఆయన ప్రోత్సాహంతో హైదరాబాదులో దారుల్ ఉలూమ్ విద్యాలయం వెలసినది.

ఆయన జీవితంలో వివాదాస్పదమైన ఘట్టం 1857. ఆ సంవత్సరం జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వాన హైదరాబాదు రెసిడెన్సీపై దాడి జరిగినప్పుడు సాలార్‌జంగ్ బ్రిటిషువారి పక్షాన నిలిచినారు. స్వాతంత్ర్యవీరులను గౌరవించే మనకు ఇది మింగుడుపడని విషయమే. రాజ్యం నిలుచుటకు వేరు దారి లేదని ఆయన భావించినారు. 1860లో రాయచూరు, ధారాశివ ప్రాంతాలు తిరిగి వచ్చినవి. 50 లక్షల రూపాయల ఋణం రద్దయినది. బీరారు మాత్రం రాలేదు. సంస్కరణల వల్ల ఆదాయం పోయినవారు, ఆయన విధేయతను సహించనివారు అనేకులు. 1859లో ఒకసారి, 1868లో మరొకసారి ఆయనపై హత్యాప్రయత్నాలు జరిగినవి. రెండుసార్లూ ప్రాణాపాయం తప్పినది. తలపెట్టిన పని ఆగలేదు.

1869లో మహబూబ్ అలీఖాన్ పసివయసులోనే నిజాము కాగా, సాలార్‌జంగ్ షంసుల్ ఉమ్రాతో కలిసి రాజప్రతినిధిగా పాలించినారు. 1874లో వాడి నుండి సికింద్రాబాదు వరకు రైలుమార్గం తెరువబడినది. ఆ భారం రాజ్యపు ఖజానాపైననే పడినది. రైలు వర్తకానికి గొప్ప మేలు చేసినది గాని, ఖర్చు ఎవరు భరించవలెను, లాభం ఎవరికి చెందవలెనన్న ప్రశ్న మిగిలిపోయినది. 1883లో, ఆయన మరణానంతరం, లండనులో ఏర్పడిన రైల్వే కంపెనీకి పెట్టుబడిపై నూటికి 5 చొప్పున వడ్డీకి సర్కారు పూచీపడినది. లాభం వస్తే వాటాదారులకు, నష్టం వస్తే హైదరాబాదు రైతుకు అన్నట్టుగా ఉన్న ఈ ఒప్పందాన్ని ప్రశ్నించినందుకు అఘోరనాథ చట్టోపాధ్యాయులు రాజ్యం నుండి బహిష్కృతులైనారు. ఆ రైలు 1886లో వరంగల్లుకు, 1889లో బెజవాడకు చేరినది. 1930లో సర్కారు దానిని కొనివేసినది. సర్కారు పూచీపై నడిచే వ్యాపారం స్వేచ్ఛా వ్యాపారం కాదని పామర్ కంపెనీ నేర్పిన పాఠాన్నే ఇది మరల నేర్పినది.

స్వేచ్ఛా వాణిజ్య సిద్ధాంతానికి గల హద్దు కూడ ఆయన కాలమందే బయటపడినది. 1876 నుండి 1878 వరకు దక్షిణదేశాన్ని ధాత కరవు పీడించినది. నిజాము రాజ్యపు నైరుతి జిల్లాలు కూడ దానికి గురియైనవి. మద్రాసు ప్రభుత్వం ధాన్యం కొన నారంభించగా, బజారులో జోక్యం కూడదని లిట్టన్ ప్రభుత్వం అడ్డగించినది. రైళ్లు ధాన్యాన్ని మోసినవి. కాని కొనుటకు చేతిలో కాసు లేనివానికి ధాన్యం వచ్చినా రాకపోయినా ఒకటే. దక్షిణదేశంలో అరకోటికి పైగా జనం మరణించినారని చరిత్రకారుల అంచనా. దారి తెరిచి ఉంచుట ఎంత అవసరమో, కరవులో కూలి చూపి ఆకలిగొన్నవాని చేతికి నాలుగు డబ్బులు అందించుట సర్కారుకు అంత అవసరం. ఒకటి రెండవదానికి బదులు కాజాలదు.

ఆయన సంస్కరణలలోని లోపాలను కూడ దాచరాదు. అవి దివానీ ప్రాంతానికే వర్తించినవి. జాగీర్లు, సర్ఫేఖాస్ భూములు చాలవరకు వాటికి వెలుపలనే ఉండిపోయినవి. శిస్తు వసూలు అధికారం పోయిన దేశ్‌ముఖులకు, దేశ్‌పాండేలకు పరిహారంగా రుసుములు, వతనులు లభించినవి. పల్లె లెక్కలు పట్వారీల చేతిలో, కచేరీ వ్యవహారం ఫారసీలో సాగుచుండగా, తన పేర ఏమి వ్రాసినారో తెలిసికొనే శక్తి తెలుగు రైతుకు లేకపోయినది. కొలతలు, పట్టాలు జరిగిన కాలమందు పలుకుబడి గలవారు విస్తారమైన భూములను తమ పేర వ్రాయించుకొన్నారు. ఇజారా పోయినది గాని, ఇజారాదారు భూస్వామియై పల్లెలోనే నిలిచినాడు. వెట్టిచాకిరి పోలేదు. 1946 నుండి 1951 వరకు మన ప్రాంతాన్ని కుదిపివేసిన తెలంగాణ రైతాంగ పోరాటానికి గల మూలాలలో ఇది ఒకటి. జాగీర్లు రద్దగుటకు 1949వ సంవత్సరం రావలసి వచ్చినది. తన శ్రమను తాను అమ్ముకొనే స్వాతంత్ర్యం లేని చోట స్వేచ్ఛా విపణి అన్న మాటకు అర్థం లేదు.

1876లో సాలార్‌జంగ్ ఇంగ్లండు వెళ్ళినారు. త్రోవలో పారిస్ నగరాన జారిపడి కాలు విరిగినా ప్రయాణం మానలేదు. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయం గౌరవ పట్టమిచ్చినది. లండను నగరం సన్మానించినది. ఆయన మనసులోని కోరిక బీరారు తిరిగి పొందుట. ఆ కోరిక నెరవేరలేదు. 1883 ఫిబ్రవరి 8న హఠాత్తుగా కలరా సోకి హైదరాబాదులో కన్నుమూసినారు. దాయిరా మీర్ మోమిన్‌లోని వంశ శ్మశానవాటికలో ఆయన దేహం విశ్రమించినది. అప్పటికి ఆయన వయస్సు 54 సంవత్సరాలు. అందులో 30 సంవత్సరాలు ఒకే పదవిలో గడచినవి.

ఈ జీవితం నేటి మనకు దూరపు ముచ్చట కాదు. 1950లో అమలుకు వచ్చిన మన రాజ్యాంగం 301వ అధికరణంలో దేశమంతటా వర్తక వాణిజ్యాలు స్వేచ్ఛగా సాగవలెనని శాసించినది. అయినను రాష్ట్రాల సరిహద్దులలో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టుల ముందు లారీలు గంటల తరబడి నిలిచేవి. 2017 జూలై 1న వస్తు సేవల పన్ను వచ్చిన తరువాతనే ఆ నాకాలు తొలగినవి. పురపాలక సంఘాలు, పంచాయతీలు అనేకం తైబజారు వసూలును వేలం వేసి గుత్తకు ఇచ్చిన కాలం ఎంతో దూరాన లేదు. వేలంలో పెద్ద మొత్తం పాడినవాడు దానిని ఎవరి వద్ద రాబడతాడు? తెల్లవారుజామున కూరగాయల గంప దించిన ముసలమ్మ వద్దనే గదా! రసీదుపై ఉన్న అంకె ఒకటి, ఆమె చేతి నుండి పోయినది మరొకటి అయితే, మన వీధిలోనే ఇజారా బ్రతికి ఉన్నట్లు.

మన కళాశాల విద్యార్థులలో రేపు పురపాలక సభ్యులు, ఉద్యోగులు, వర్తకులు కాబోయేవారున్నారు. ఉర్దూలో చదివినవారికీ తెలుగులో చదివినవారికీ ఈ దివాను ఉమ్మడి పూర్వీకుడే. ఆయన ఏ పన్ను వేసినారన్నదానికన్న, ఏ పన్ను వసూలు కాకుండ ఆపినారన్నది ఎక్కువగా గుర్తుంచుకొనదగినది. సర్కారు ఎంత తీసికొంటుందో ముందుగా చెప్పవలెను. చెప్పినదానికన్న ఎక్కువ తీసికొనరాదు. తన పేరు చెప్పి మరొకడు తీసికొనకుండ కాపాడవలెను. మోటుపల్లి రాతిమీద గణపతిదేవుడు ఇచ్చిన మాట ఇదే. సాలార్‌జంగ్ సగం రాజ్యంలోనైనా నిలిపిన మాట ఇదే. మిగిలిన సగం మన తరానికి అప్పగింపబడినది.